రీనో ఆటో మ్యూజియం: థామస్ ఫ్లైయర్ ఒక్కదాని కోసమైనా వెళ్లాలి

బే ఏరియా నుంచి తాహో సరస్సుకి వెళ్లే మనవాళ్లలో చాలామంది నెవాడాలోని రీనో అనగానే క్యాసినోలే అనుకుంటారు గానీ, అక్కడ ట్రకీ నది ఒడ్డున నేషనల్ ఆటోమొబైల్ మ్యూజియం ఉంది, కార్లంటే ఏ కాస్త ఇష్టమున్నా దాన్ని వదులుకోవద్దు. 200కు పైగా కార్లు. నా మటుకు నాకు అవన్నీ ఒకెత్తు, 1907 నాటి థామస్ ఫ్లైయర్ ఒకెత్తు.

చుట్టూ తళతళలాడే బళ్ల మధ్య ఇది మాసిపోయి కనిపిస్తుంది. కావాలనే అలా ఉంచారు. న్యూయార్క్ నుంచి పారిస్ దాకా జరిగిన కార్ల రేసులో, 1908 ఫిబ్రవరి 12న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో బయల్దేరి, మంచులో అమెరికా దాటి, ఓడెక్కి జపాన్, ఆ తర్వాత సైబీరియా బురద మీదుగా జులై 30న పారిస్ చేరిన బండి ఇది. ముందు అద్దం కూడా లేదు! పోటీలో ఉన్న జర్మన్ కారు ప్రోటోస్ నాలుగు రోజులు ముందే పారిస్ చేరినా, అమెరికాలో కొంత దూరం దాన్ని రైలెక్కించారు కాబట్టి పెనాల్టీ పడింది, గెలుపు ఫ్లైయర్‌ది.

దగ్గరికెళ్లి వెనక చక్రాన్ని తిప్పే చైన్ చూడండి, ఛాసిస్ (బండి అడుగు చట్రం) కూడా చూడండి. 1964లో రీనో క్యాసినో యజమాని, పాత కార్లు సేకరించే విలియం హారా ఈ బండిని బాగుచేయిస్తూ, రేసులో దాన్ని పారిస్ చేర్చిన మెకానిక్ జార్జ్ షుస్టర్‌ని పిలిపించారు. 90 దాటిన ఆ పెద్దాయన మొదట నమ్మలేదట, బండి విప్పాక ఛాసిస్ మీద తన చేత్తో చేసిన రిపేరు కనబడ్డాకే ఇదే అన్నారు.

ఇంత చేసిన ఫ్లైయర్ తయారీదారు, బఫెలో నగరంలోని థామస్ కంపెనీ మాత్రం నిలవలేదు, నాకు బాధనిపించేది అదే. గెలిచిన పేరుతో మొదట అమ్మకాలు బాగానే సాగాయి, కానీ ఫ్లైయర్ ధర దాదాపు 4,000 డాలర్లు, అదే 1908లో ఫోర్డ్ 850 డాలర్లకు మోడల్ టి దించింది. కొత్త మోడళ్లలో లోపాలు బయటపడ్డాయి, ఉన్న మంచి పేరు కాస్తా పోయింది. కంపెనీ 1912లో రిసీవర్ (దివాలా ఆస్తులు చూసుకునే అధికారి) చేతికి, 1913లో వేలానికి వెళ్లింది. ఆ వేలంలో ఈ రేసు కారు కూడా మిగతా సామాన్లతో పాటే అమ్ముడుపోయింది.

పిల్లలతో వెళ్తే కనీసం రెండు గంటలు పెట్టుకోండి, ముందు ఫ్లైయర్ దగ్గరికే వెళ్లండి, ఆ తర్వాత 1938 ఫాంటమ్ కోర్సెయిర్ చూడండి, అది మరో వింత.