లెర్నింగ్ డిజైన్ కోర్సు: రెండేళ్లు క్లాసులో వాడాక

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో లెర్నింగ్ డిజైన్, ఎడ్యుకేషనల్ టెక్నాలజీలకు పరిచయంగా పెట్టిన 8 వారాల ఆన్‌లైన్ కోర్సు ఒకటి చేశాను. అయిపోయిన వారంలోనే రివ్యూ రాసుంటే ఐదుకి ఐదు ఇచ్చేసేదాన్ని, అంత ఊపులో ఉన్నాను. ఇప్పుడైతే మూడున్నర. తగ్గిన ఒకటిన్నరా రెండో సగానిదే.

మొదటి నాలుగు వారాలు పాఠాన్ని ఎలా కట్టుకోవాలో చెబుతారు. అందులో ముఖ్యమైనది 'యాడీ'. విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అనే ఐదు అంచెల ఇంగ్లీషు పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. 1975లో అమెరికా సైన్యం శిక్షణ కోసం ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో తయారైన పద్ధతి అది. సిపాయిలకు పనికొచ్చింది మా పిల్లలకేం పనికొస్తుందిలే అనుకున్నాను. చివరి నాలుగూ ఎలాగోలా మనం చేసేవే. చిక్కంతా మొదటి దానితోనే. పిల్లలకు ముందే ఏం తెలుసో కనుక్కోవాలని బీఈడీలోనూ చెప్పారు. నేనేమో పీరియడ్ ప్లాన్‌లో 'పూర్వజ్ఞాన పరీక్ష' అని రాసి, రెండు ప్రశ్నలు వేసి, జవాబు పూర్తిగా వినకుండానే బోర్డు మీద పాఠం పేరు రాసేసేదాన్ని.

ఆ ఏడాది పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు మొదలుపెట్టేముందు, పీహెచ్ (ఆమ్లమో క్షారమో, ఎంతో చెప్పే కొలత) అనే మాట ఎక్కడైనా విన్నారా అని అడిగి ఊరుకున్నాను. సగం చేతులు లేచాయి! మా చుట్టుపక్కలంతా రొయ్యల గుంటలే కదా. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అబ్బాయి లేచి, "పొద్దున తక్కువుంటది మేడం, మధ్యానానికి పెరగతాది. మా నాయన రెండుపూటలా చూస్తాడు" అన్నాడు. ఎందుకు పెరుగుతుందో మాత్రం వాడికి తెలీదు. మరుసటి రోజు వాళ్ల నాన్న అంకెలు రాసుకునే నోట్‌బుక్ పట్టుకొచ్చాడు. ఆ అంకెలతోనే గ్రాఫ్ గీయించాను. ఎండ పడితే నీళ్లలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది, దాంతో ఆమ్లత తగ్గి పీహెచ్ పెరుగుతుంది. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయి, శ్వాసక్రియ మాత్రం సాగుతుంది కాబట్టి మళ్లీ తగ్గుతుంది. అంతకుముందు ఆరేళ్లూ ఇదే పాఠం నిమ్మకాయ, సబ్బునీళ్లతో చెప్పి సరిపెట్టాను.

రెండో లాభం లక్ష్యాలు రాయడంలో. నేర్చుకునే లక్ష్యాలను స్థాయిలుగా విడదీసే బ్లూమ్ వర్గీకరణ 1956 నాటిది, 2001లో సవరించారు. మేము బీఈడీలో జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అని కంఠతా పట్టి రాసి వచ్చినవాళ్లమే. కోర్సులో నా మొదటి అసైన్‌మెంట్‌ను తిప్పి పంపారు. 'తెలుసుకుంటారు' అని రాశాను, తెలుసుకున్నట్టు నీకెలా కనబడుతుంది అని అడిగారు. అప్పట్నుంచి పోల్చగలరు, గీయగలరు, లెక్కకట్టగలరు అనే రాస్తున్నాను. స్లిప్ టెస్ట్ ప్రశ్న ముందు తయారవుతుంది, పాఠం తర్వాత.

విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ చెప్పిన విషయం కూడా బాగా పనికొచ్చింది. బొమ్మ చూపిస్తూ నోటితో చెబుతున్నప్పుడు అవే మాటలు తెరమీద అక్షరాల్లోనూ పెడితే నేర్చుకోవడం తగ్గుతుందట. విద్యుత్తు మీద నేను చేసిన 22 నిమిషాల వీడియో మొత్తం అదే! కోసి కోసి 6 నిమిషాలకు తెచ్చాను. పాఠాన్ని వరసగా ఎలా నడపాలో చెప్పే గాన్యే తొమ్మిది మెట్లు మాత్రం 45 నిమిషాల పీరియడ్‌లో నాకెప్పుడూ పట్టలేదు. హాజరు వేసేసరికే రెండు మెట్లు పోతాయి.

ఇక రెండో సగం. ఏ యాప్‌లో క్విజ్ ఎలా పెట్టాలి, ఏ బటన్ ఎక్కడుంది అని నాలుగు వారాలు. ఏడాది తిరిగేసరికి ఆ తెరలే మారిపోయాయి, ఒక యాప్‌లో ఉచితంగా ఇచ్చేవి తగ్గించేశారు. ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడ్‌ల్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఒక వారం మొత్తం ఇచ్చారు, కాలేజీవాళ్లకు ఉపయోగమేమో. మా పిల్లల ఇళ్లలో ఉండేది ఒక్క ఫోను, అదీ నాన్నతో పాటు గుంట దగ్గరికి పోతుంది. క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్ తెర) ఉంది, నిజంగా మంచిదే, కరెంటు ఉన్నంతసేపు. సరుకు మోసుకొచ్చిన లారీ వల్ల మన తిండిలో బలం మారనట్టే, పాఠాన్ని చేరవేసే టీవీ, కంప్యూటర్ లాంటి మాధ్యమం వల్ల చదువు మారదని విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లోనే వాదించాడు. కోజ్మా అనే ఇంకో పరిశోధకుడు దాన్ని కాదన్నాడు. ఇంత మంచి తగువును ఒక్క స్లైడ్‌లో తేల్చేసి, మళ్లీ యాప్‌ల మీద పడ్డారు. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఇంగ్లీషు కష్టంగా లేదు కానీ వీడియోలు గబగబా సాగుతాయి, వేగం తగ్గించుకుని వినండి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు మొదటి నాలుగు వారాలు తప్పకుండా చేయండి, మిగతాది మీ ఇష్టం. సర్టిఫికెట్ దేనికి పనికొస్తుందని మొన్న చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక సారు అడిగారు. నాదైతే బీరువాలో ఉందని చెప్పి, నా నోట్స్ చదవమని ఇచ్చాను. ఇంకా తిరిగి రాలేదు.