పొగతోటలో చీటీ చదివి మందులిచ్చే షాపు

నెల్లూరు పొగతోటలో మందుల షాపులకు కొదవ లేదు. అయినా మా అమ్మ షుగరు, థైరాయిడ్ మందుల కోసం కోవూరు నుంచి ఏడాదిగా ఈ ఒక్క షాపుకే వస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ ఫార్మసిస్టుగారు స్వయంగా కౌంటరులో నిలబడి చీటీ మొత్తం చదువుతారు.

పోయిన నెల డాక్టరుగారు కొత్తగా కాల్షియం మాత్ర రాసినప్పుడు, "అమ్మగారు ఇంకేం మందులు వాడుతున్నారండీ?" అని అడిగి, థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ పరగడుపునే వేసుకోవాలని, కాల్షియం దాన్ని ఒంటికి పట్టనివ్వదు కాబట్టి రెండింటికీ కనీసం 4 గంటల ఎడం ఉండాలని వివరించారు. అమ్మకు చదువు రాదని చెబితే, కవర్ల మీద పొద్దు, చందమామ బొమ్మలు గీసి ఇచ్చారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచిన ఇన్సులిన్‌ను ఐస్‌ప్యాకుకు నేరుగా తగలకుండా కాగితం చుట్టి మరీ ఇస్తారు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదన్న సంగతి నాకు ఇక్కడే తెలిసింది.

వేరొక చోట జ్వరమని చెప్పగానే చీటీ లేకుండానే నాకు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ చేతిలో పెట్టారు. అది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మి, రిజిస్టరులో రాయాల్సిన మందుల జాబితాలోది. ఈ షాపులో చీటీ చూపితేనే ఇస్తారు. డాక్టరు పేరు, రోగి పేరు, మందు ఎంత ఇచ్చారో రిజిస్టరులో రాసుకుంటారు, ఆ రిజిస్టరును 3 ఏళ్లు భద్రపరచాలన్నది నిబంధన.

లోపం ఒక్కటే: సాయంత్రం రద్దీలో మన జబ్బు సంగతి పక్కవారందరికీ వినబడుతుంది. మాట్లాడుకోవడానికి పక్కగా చిన్న చోటు కేటాయిస్తే, ముఖ్యంగా ఆడవారికి, ఎంతో మేలు.