క్యాడ్ పనికి చవకలో ఏది మేలు: పాత వర్క్‌స్టేషనా, కొత్త అసెంబుల్డ్ సిస్టమా, గేమింగ్ ల్యాప్‌టాపా?

నెల్లూరులో ప్లాన్లు గీసే కుర్రాళ్లు సిస్టమ్ కొనేముందు అడిగే మొదటి ప్రశ్న ఇది: "అన్నా, గ్రాఫిక్ కార్డు ఎంతది వేయించమంటావు?" ఆటోక్యాడ్‌లో ఇళ్ల ప్లాన్లు, లేఅవుట్లు గీసేవాళ్లకు ఆ ప్రశ్న చివర్లో రావాలి. ముందు చూడాల్సింది ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ (లెక్కలు చేసే భాగం) ఎంత వేగంగా పనిచేస్తుందనేది. ఆటోక్యాడ్ పనిలో చాలా భాగం ఒకే కోర్ మీద నడుస్తుంది. నమ్మకం కుదరకపోతే ఒక బరువైన లేఅవుట్ ఫైలు తెరిచి రీజెన్ (డ్రాయింగ్ మొత్తాన్ని మళ్లీ లెక్కగట్టి చూపించే కమాండ్) కొట్టి, పక్కన టాస్క్ మేనేజర్ పెట్టుకుని చూడండి. ఒకేసారి పన్నెండు పనులు నడపగల (పన్నెండు థ్రెడ్ల) ప్రాసెసర్‌లో మొత్తం వాడకం పది శాతం దగ్గరే తచ్చాడుతుంటుంది, డ్రాయింగ్ మాత్రం కదలదు. పెళ్లికి ఎంతమంది వచ్చినా తాళి కట్టేది ఒక్కడే.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే, చవకలో దొరికే మూడు దారుల్లో ఏది ఎవరికో తేల్చుకోవడం సులువవుతుంది.

మొదటిది రీఫర్బిష్డ్ వర్క్‌స్టేషన్. పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన డెల్ ప్రెసిషన్, హెచ్‌పీ జెడ్ సిరీస్ టవర్లు చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గర కాబట్టి పొద్దున రైలెక్కితే రాత్రికి డబ్బాతో సహా ఇల్లు చేరొచ్చు. ఒంగోలు వాళ్లకైతే విజయవాడ దగ్గర. ఈ టవర్ల కట్టుబడిని తప్పుపట్టలేం. మందమైన రేకు, లోపల గాలి నడిచే దారి, స్క్రూడ్రైవర్ లేకుండానే ఊడివచ్చే భాగాలు, ఇవన్నీ మన అసెంబుల్డ్ క్యాబినెట్లలో చూడం.

చిక్కు లోపలి ప్రాసెసర్‌తో. హెచ్‌పీ జెడ్440, డెల్ 5810 లాంటివి 2014లో వచ్చిన మోడళ్లు. వాటిలో జియాన్ ఇ5-2680 వీ4 వేసి "పద్నాలుగు కోర్లు సార్, సర్వర్ ప్రాసెసర్" అని అమ్ముతారు. అబద్ధం కాదు. కానీ దాని మూలవేగం 2.4 గిగాహెర్ట్జ్, ఎంత పరిగెత్తినా 3.3. నాలుగే కోర్లున్న ఐ3-12100 4.3 దాకా వెళ్తుంది, పైగా కొత్త తరం కావడంతో అదే గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ పని చేస్తుంది. ఆటోక్యాడ్‌లో రీజెన్ పెడితే ఈ చిన్న ఐ3 ముందు ఆ పద్నాలుగు కోర్లు వెనకబడిపోతాయి. ప్రాసెసర్ మీద నడిచే రెండరింగ్‌లో (మోడల్‌ని ఫోటోలాంటి బొమ్మగా మార్చే పనిలో) మాత్రం లెక్క తిరగబడుతుంది, అక్కడ అన్ని కోర్లకూ పని ఉంటుంది. రాత్రంతా ఇంటీరియర్ వ్యూలు రెండర్‌కి పెట్టి నిద్రపోయే వాళ్లకు జియాన్ ఇప్పటికీ గిట్టుబాటే.

ఇంకో అడ్డంకి విండోస్. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ దాదాపుగా 8వ తరం నుంచే మొదలవుతుంది. అంటే జెడ్440, 5810 మాత్రమే కాదు, 6, 7 తరాల డెల్ 3620, హెచ్‌పీ జెడ్240 కూడా బయటే. దొడ్డిదారిన ఎక్కించి ఇస్తామంటారు, ఎక్కుతుంది కూడా. క్లయింట్ల ఫైళ్లుండే ఆఫీసు మెషీన్‌కి ఆ తలనొప్పి ఎందుకని నా అభిప్రాయం. పాత టవరే కొనాలనుకుంటే డెల్ ప్రెసిషన్ 3630, హెచ్‌పీ జెడ్2 జీ4 అడగండి. వాటిలో 8, 9 తరాల ప్రాసెసర్లుంటాయి. ఐ7-8700 ఉన్నది దొరికితే ఆరు కోర్లు, 4.6 గిగాహెర్ట్జ్ దాకా వేగం. రీఫర్బిష్డ్‌లో నేను వేలుపెట్టి చూపించేది దీన్నే.

ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. ఈ బ్రాండెడ్ టవర్లలో పవర్ సప్లై ఆకారం, కనెక్టర్లు మామూలు వాటిలా ఉండవు. అది కాలిపోతే ట్రంకు రోడ్డులో షాపులన్నీ తిరిగినా సరిపోయేది దొరకడం కష్టం. మళ్లీ చెన్నైకి ఫోను, కొరియర్, ఈలోగా పని బందు. జెడ్440 లాంటి వాటిలో వచ్చే రిజిస్టర్డ్ ఈసీసీ ర్యామ్‌ను (సర్వర్లలో వాడే రకం) తర్వాత మామూలు మదర్‌బోర్డుకి మార్చుకుందామన్నా పనికిరాదు.

రెండో దారి కొత్త అసెంబుల్డ్ సిస్టమ్. ఐ3-12100 గానీ, కాస్త పెట్టగలిగితే ఐ5-12400 గానీ, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ. గ్రాఫిక్ కార్డు లేదు. టూడీ ప్లాన్లకు ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్సే చాలు. అందుకే ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అక్షరం లేకుండా చూసుకోండి. ఎఫ్ ఉంటే ధర కొంచెం తగ్గుతుంది గానీ లోపల గ్రాఫిక్స్ ఉండవు, కార్డు వేస్తే తప్ప తెర మీద బొమ్మ రాదు. ఏఎండీలో అయితే రైజెన్ 5 5600జీ ఈ పనికి బాగుంటుంది. ర్యామ్‌ను ఒకే 16 జీబీ పలకగా కాకుండా రెండు 8 జీబీ పలకలుగా వేయించండి. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే పంచుకుంటాయి, రెండు దారుల్లో అందితే తేడా కనిపిస్తుంది. రేపు త్రీడీ పని తగిలితే ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం చేర్చుకోవచ్చు. దానికి 70 వాట్లే కాబట్టి మామూలుగా వేరే పవర్ కేబుల్ అక్కర్లేదు, ఉన్న ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది.

మొన్నమొన్నటి దాకా ఈ దారికే కళ్లు మూసుకుని ఓటేసేవాణ్ని. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకి లెక్క మార్చేశాయి. పాత టవర్‌తో 16 జీబీయో, 32 జీబీయో ర్యామ్ అందులోనే వస్తుంది కనుక, 8వ తరం రీఫర్బిష్డ్‌కీ కొత్త దానికీ మధ్య ధర తేడా బాగా పెరిగింది. అయినా టూడీ పని రోజుకి పది గంటలు చేసేవాళ్లకు కొత్తదే అంటాను. విడిభాగాలకు వారంటీ ఉంటుంది, ఏ ముక్క పోయినా ఊళ్లోనే దొరుకుతుంది, జీఎస్టీ బిల్లు వస్తుంది. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు ఆ 18 శాతం పన్ను క్రెడిట్‌గా తిరిగి కలిసొస్తుంది. పాత సామాను షాపుల్లో సరైన బిల్లు అడిగితే మొహం మారిపోతుంది.

సాలిడ్‌వర్క్స్ (యంత్రభాగాలను త్రీడీలో గీసే సాఫ్ట్‌వేర్) వాళ్ల కథ వేరు. ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్, ఫ్యాబ్రికేషన్ డ్రాయింగులు చేసేవాళ్లు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలకు కటింగ్ మెషీన్ల విడిభాగాలు డిజైన్ చేసేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. సాలిడ్‌వర్క్స్ వర్క్‌స్టేషన్ కార్డులనూ వాటి డ్రైవర్లనూ పరీక్షించి జాబితా ఇస్తుంది. జీఫోర్స్ (గేమింగ్) కార్డులు అందులో ఉండవు, రియల్‌వ్యూ (మోడల్‌ని తెర మీదే నిజంలా చూపించే సౌకర్యం) కూడా వాటి మీద మామూలుగా పనిచేయదు. ఇక్కడ ప్రెసిషన్ 3630తో పాటు వచ్చే పాత క్వాడ్రో (వర్క్‌స్టేషన్ రకం) కార్డు కొత్త గేమింగ్ కార్డు కన్నా నయం. 2 జీబీ పీ620 చిన్న అసెంబ్లీలకు నడిపిస్తుంది, 4 జీబీ పీ1000 ఉంటే ఊపిరాడుతుంది. వీటికి మినీ డిస్‌ప్లేపోర్ట్ రంధ్రాలే ఉంటాయి, హెచ్‌డీఎంఐకి మార్చే కనెక్టర్ కూడా ఇమ్మని అక్కడే అడిగి తీసుకోండి.

మూడోది గేమింగ్ ల్యాప్‌టాప్. రోజూ సైటుకి మోసుకెళ్లాల్సిన సర్వేయర్లకు, ఊరూరా తిరిగే ఇంజినీర్లకు తప్పదు. ఆఫీసులో టేబుల్ మీదే ఉండేదానికి మాత్రం ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ కొనుక్కోవడమే. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో పెట్టి పనిచేస్తే వేడికి తనే వేగం తగ్గించుకుంటుంది. బ్యాటరీ మీద నడిపినా అంతే. చీమకుర్తి క్వారీల దగ్గర గాలిలో రాతిపొడి ఫ్యాన్లలోకి చేరితే శుభ్రం చేయడానికి మొత్తం విప్పాలి. డెస్క్‌టాప్ అయితే పక్క మూత తీసి బ్లోయర్ కొడితే అయిపోతుంది. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ ఆగదన్నది నిజమే. డెస్క్‌టాప్‌కి ఆ కొరత చిన్న యూపీఎస్ తీరుస్తుంది. ఆటోక్యాడ్‌లో సేవ్‌టైమ్ (తనంతట తనే సేవ్ చేసుకునే గడువు) మామూలుగా 10 నిమిషాలకు ఉంటుంది, దాన్ని 5కి తగ్గించుకుంటే టెన్షన్ ఇంకొంచెం తగ్గుతుంది.

గ్రాఫిక్ కార్డు కొనకుండా మిగిలిన డబ్బుతో రెండో మానిటర్ తీసుకోండి. ఒకదాంట్లో ప్లాను, ఇంకోదాంట్లో సెక్షను.

అసలు సిస్టమ్ మార్చాల్సిన అవసరముందా అన్నది ముందే తేల్చుకోవాలి. చాలాసార్లు బరువంతా ఫైలులోనే ఉంటుంది. పర్జ్, ఓవర్‌కిల్ (వాడని వాటినీ, ఒకదాని మీద ఒకటి పడిన గీతలనూ తీసేసే కమాండ్లు) కొడితే సగానికి దిగే ఫైళ్లున్నాయి. డీజీపీఎస్ (శాటిలైట్ సాయంతో కొలిచే) సర్వే నుంచి వచ్చిన డ్రాయింగైతే ఇంకో తిరకాసు. నెల్లూరు ప్రాంతంలో యూటీఎం నార్తింగ్ (భూమధ్యరేఖ నుంచి ఉత్తరంగా ఉండే దూరం) 15 లక్షల మీటర్ల పైనే ఉంటుంది. మూలబిందువుకి (0,0) అంత దూరాన గీస్తే హ్యాచ్ (లోపల నింపే గీతలు) పడకపోవడం, గీతలు వణికినట్టు కనబడటం మామూలే. లక్ష రూపాయల మెషీన్ తెచ్చినా ఆ వణుకు పోదు. హార్డ్‌డిస్క్ మీద నడుస్తున్న సిస్టమ్ అయితే ఎస్‌ఎస్‌డీ వేసి చూడండి, ఫైళ్లు తెరుచుకోవడంలోనే తేడా తెలుస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా కొనాల్సిందే అనుకుంటే, మీ దగ్గరున్న అన్నిటికన్నా బరువైన ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకి వెళ్లండి. కొనబోయే మెషీన్ మీదే తెరిపించి, రీజెన్ కొట్టించి, ఫోన్‌లో టైము చూడండి. సాఫ్ట్‌వేర్ లేదంటే ట్రయల్ వెర్షన్ ఎక్కించమనండి. కుదరదన్న షాపులో అడ్వాన్సు ఇవ్వకండి.