చిరుతల కోసం 150-600 జూమ్: ఏడేళ్ల వాడకం తర్వాత

ఏడేళ్లుగా చిరుతల్ని ఒకే లెన్స్‌తో తీస్తున్నాను. 150-600 ఎంఎం జూమ్, ఎఫ్/5-6.3 (ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది), బరువు రెండు కిలోల దగ్గర. రాజస్థాన్‌లోని జవాయి రాతిగుట్టలు, కర్ణాటకలోని కబినీ అడవి, శ్రీలంకలోని యాలా, ఒకసారి దక్షిణాఫ్రికాలోని సాబి శాండ్స్... ఎక్కడికి వెళ్లినా దీన్నే మోశాను. కొన్న నెలలోనే ఈ సమీక్ష రాసి ఉంటే ఫోటో ఎంత షార్ప్‌గా వస్తుందో రాసేవాణ్ణి. ఇన్నేళ్ల తర్వాత మాత్రం ముందుగా వెలుతురు గురించే చెప్పాలనిపిస్తోంది. చిరుత విషయంలో ఏ లెన్స్‌కైనా అసలు పరీక్ష అదే.

చిరుత తెల్లవారీ తెల్లవారకుండా, లేదంటే పొద్దు గుంకాక కదులుతుంది. పగటిపూట కనిపించినా చాలాసార్లు కొమ్మ మీదో పొద నీడలోనో పడుకుని ఉంటుంది. 600 దగ్గర నా లెన్స్ ఎఫ్/6.3. అదే దూరానికి ఎఫ్/4 ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. పక్క సీటులో ఎఫ్/4 పట్టుకున్నవారు ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 2500తో తీసే ఫోటోకి నేను 6400 దాకా వెళ్లాలి.

మొదటి రెండేళ్లూ ఆ నంబరు చూసి భయపడ్డాను. జవాయిలో ఒక సాయంత్రం తల్లి చిరుత, దాని వెనక పిల్ల, రాతి అంచు మీద నెమ్మదిగా నడిచి వెళ్లాయి. గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుందని ఐఎస్‌ఓ 1600 దాటనివ్వలేదు, షట్టర్ స్పీడ్ 1/80 సెకనుకి పడిపోయింది. తీసిన ప్రతి ఫ్రేమ్‌లోనూ కాళ్లు, తల చెదిరిపోయాయి. గ్రెయిన్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ఫోటోని ఎవరూ బాగుచేయలేరు. అప్పటి నుంచి షట్టర్ స్పీడ్ ముందు పెట్టుకుని ఐఎస్‌ఓని దాని దారిన వదిలేస్తున్నాను. కూర్చున్న చిరుతకి, లెన్స్ బీన్‌బ్యాగ్ (గింజలు నింపిన సంచి) మీద ఉంటే, 1/125 చాలు. అయితే వరసగా పది ఫ్రేములు తీస్తే మూడో నాలుగో మాత్రమే నిలుస్తాయి. నడుస్తుంటే 1/500. చెట్టు దిగేటప్పుడు 1/1600కి తగ్గితే పంజాలు మసకబారతాయి.

2023 ఏప్రిల్‌లో ఫోటోలు సవరించే లైట్‌రూమ్‌లోకి గ్రెయిన్ తగ్గించే ఏఐ డీనాయిజ్ వచ్చాక పాత రా ఫైళ్లన్నీ (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫైళ్లు) మళ్లీ తెరిచాను. ఐఎస్‌ఓ 6400లో తీసి పక్కన పెట్టేసిన కబినీ ఫోటోల్లో మీసాలు విడివిడిగా కనిపించాయి. లెన్స్ అదే, దాని పెద్ద లోపం మాత్రం చాలావరకు తగ్గింది. జేపీఈజీ మాత్రమే దాచుకుని ఉంటే ఈ అవకాశం నాకు దక్కేది కాదు.

ఇంత చీకటి లెన్స్‌ని ఎందుకు మార్చలేదంటే, జూమ్ కోసమే. సాబి శాండ్స్‌లో వాహనం దారి దిగి పొదల్లోకి కూడా వెళ్తుంది. అక్కడ ఒక మగ చిరుత మా బండిని ఆనుకున్నంత దగ్గరగా నడిచింది, 150 దగ్గర కూడా మొహం ఒక్కటే పట్టింది. జవాయిలో అదే జంతువు రెండు వందల మీటర్ల దూరంలో బండ మీద ఉంటుంది, 600 పెట్టినా ఫ్రేమ్‌లో చిన్న బొమ్మే. కబినీలో చిరుత దారి దాటేది పది సెకన్లు. పొద అంచున కనిపించినప్పుడు 600, దారి మధ్యకి వచ్చేసరికి 300. ఆ పది సెకన్లలో లెన్స్ మార్చడం కుదరని పని.

తోక గురించి విడిగా చెప్పాలి. నా తొలి ఏడాది ఫోటోల్లో సగానికి తోక తెగిపోయి ఉంటుంది. చిరుత తోక ఒంటితో పోలిస్తే చాలా పొడవు, కొమ్మ మీద పడుకుంటే కిందికి వేలాడుతుంది. కంటి మీద ఫోకస్ పెట్టి పరవశించి తీస్తుంటే తోక గుర్తుకు రాదు. ఇప్పుడు చెట్టు మీద చిరుత ఉంటే ముందు నిలువు ఫ్రేమ్‌లో తోకతో సహా నాలుగు తీసి, ఆ తర్వాతే 600కి వెళ్తాను. పడుకున్న చిరుత లేచి, ఒళ్లు విరిచి, ఆవులించి, కిందికి చూడటం మొదలుపెట్టిందంటే దిగబోతోందని అర్థం. వెంటనే జూమ్‌ని 300 దగ్గరికి తెచ్చి చెట్టు మొదలు కూడా ఫ్రేమ్‌లో ఉండేలా చూసుకుంటాను. 600 దగ్గరే ఉండిపోతే ఉత్త కొమ్మ ఫోటో వస్తుంది.

ఆటోఫోకస్ వేగం ఫర్వాలేదు, గొప్పగా లేదు. వెలుతురు తగ్గితే ముందుకీ వెనక్కీ వెతుకుతుంది. గడ్డి పరకలు, అడ్డు కొమ్మలు ఉంటే కెమెరాలోని జంతువుల కన్ను గుర్తించే సౌకర్యం ఒక్కోసారి ఆకు మీదికో ఒంటి మీది మచ్చ మీదికో వెళ్లిపోతుంది. అలాంటి చోట ఒకే ఒక్క చిన్న ఫోకస్ పాయింట్‌ని నేనే కంటి మీద పెడతాను. ఎక్స్‌పోజర్‌కి కూడా కెమెరాని పూర్తిగా నమ్మలేం. చీకటి అడవి ముందు ఎండ పడిన చిరుత నిలబడితే వెలుతురు కొలిచే మీటర్ చీకటిని చూసి ఫోటోని తెల్లబరుస్తుంది, ముప్పావు స్టాప్ దాకా తగ్గించాలి (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం). తెల్లటి ఆకాశం ముందు కొమ్మ మీద ఉంటే ఒకటిన్నర స్టాప్ పెంచాలి. కబినీలో నల్ల చిరుత ఒక్కసారే, ఇరవై సెకన్లు కనిపించింది. అది వేరే జాతి కాదు, ఒంట్లో నల్ల రంగు ఎక్కువైన మామూలు చిరుతే. ఏటవాలు వెలుగు పడితే దాని మచ్చలు కూడా తెలుస్తాయి. నేను ఎక్స్‌పోజర్ తగ్గించడం మర్చిపోయాను, ఫోటోలో అది బూడిద రంగులోకి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఎండ ముదిరాక రాళ్ల నుంచి లేచే వేడికి దూరపు ఫోటో నీళ్లలో చూసినట్టు వణుకుతుంది. అది లెన్స్ తప్పనుకుని రెండు ట్రిప్పులు మథనపడ్డాను. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఆ గాలిలోంచే చూడాలి. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య తగిలించి జూమ్ పెంచుకునే 1.4 టెలీకన్వర్టర్ కూడా కొన్నాను. ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/9 అయ్యింది, ఫోకస్ ఇంకా నెమ్మదించింది. ఆరు నెలల్లో అమ్మేశాను.

ఇక లోపాలు. జూమ్ చేస్తే గొట్టం బయటికి వస్తుంది, దాంతోపాటు దుమ్ము లోపలికి వెళ్తుంది. నాలుగో ఏడాదికి జూమ్ రింగ్ గరగరలాడింది, శుభ్రం చేయించాల్సి వచ్చింది. కిందికి వంచితే గొట్టం తనంతట తనే జారుతుంది, కాబట్టి బండి కదిలేటప్పుడు లాక్ వేయాల్సిందే. ట్రైపాడ్ కాలర్ (లెన్స్‌ని స్టాండ్‌కి బిగించే పట్టీ) మర బండి కుదుపులకి వదులవుతుంది, రోజూ పొద్దున బిగిస్తాను. రెండు కిలోలు చేత్తో ఎత్తి అరగంట కాచుకుని ఉండటం కష్టం. ఖాళీ బీన్‌బ్యాగ్ తీసుకెళ్లి, అక్కడ నింపుకుని, బండి అంచు మీద వేసుకోండి. డ్రైవర్‌ని ఇంజన్ ఆపమని అడగడానికి మొహమాటపడకండి. ఇంజన్ అదురుడు ముందు లెన్స్‌లోని ఏ స్టెబిలైజేషనూ (వణుకు తగ్గించే ఏర్పాటు) పనిచేయదు.

600 ఉండటంలో నాకు అన్నిటికన్నా నచ్చేది, బండిని దూరంగా ఆపించగలగడం. యాలాలో ఒక చిరుత చుట్టూ పదుల జీపులు ముసురుకోవడం చూశాను. అది లేచి పొదల్లోకి వెళ్లిపోయింది, ఎవరికీ ఫోటో రాలేదు. కొండముచ్చులు, దుప్పులు అరవడం మొదలుపెట్టాక ఆ దిక్కుకి పరిగెత్తడం కన్నా, అది దాటబోయే దారిని ఊహించి దూరంగా ఆగిన రోజుల్లోనే నాకు మంచి ఫోటోలు దొరికాయి. చిరుత మనల్ని పట్టించుకోకుండా తన పని తాను చేసుకుంటూ పోతుంది, ఆ తీరు ఫోటోలో కనిపిస్తుంది. పిల్లలున్న చోటు మాత్రం ఎవరికీ చెప్పను, ఫోటోలోంచి లొకేషన్ వివరాలు కూడా తీసేస్తాను.

మొదటిసారి కొనేవాళ్లకి ఈ తరహా లెన్స్‌నే చెబుతాను. ఏడాదికి ఒకటి రెండు సఫారీలకి వెళ్లేవాళ్లకి ఇది చాలు. దట్టమైన అడవిలోనే ఎక్కువ తిరిగేవాళ్లు, డబ్బు సర్దుకోగలిగితే, ఎఫ్/4 వైపు చూడండి. కెమెరా బాడీ రెండోది ఉంటే 70-200 దానికి తగిలించి ఉంచండి.

మరో అలవాటు ఈ మధ్యే చేసుకున్నాను. ఏ రెండు చిరుతల మచ్చలూ ఒకలా ఉండవు, ఒకే చిరుత ఎడమ పక్క మచ్చలు కుడి పక్కతో కలవవు. 2022 లెక్కల్లో మన దేశంలో 13,874 చిరుతలు ఉండొచ్చని అంచనా వేసింది కూడా కెమెరా ట్రాప్ (జంతువు దాటితే తనంతట తనే ఫోటో తీసే కెమెరా) ఫోటోల్లో మచ్చలు పోల్చి చూశాకే. అది తెలిశాక నేనూ అందమైన మొహం ఒక్కటే కాకుండా రెండు పక్కలూ తీయడానికి ప్రయత్నిస్తున్నాను. జవాయిలో ఆ సాయంత్రం రాతి అంచు మీద నడిచిన తల్లిని మూడేళ్ల తర్వాత ఎడమ భుజం మీది మచ్చల్ని బట్టి గుర్తుపట్టాను. చెదిరిపోయిన పాత ఫ్రేముల్లో ఒక్కదాంట్లో ఆ భుజం నిలిచింది. ఆమె కుడి పక్క ఇంకా నా దగ్గర లేదు.