పోర్చుగల్‌లో తీరిగ్గా బైక్ యాత్ర: లోపలి ఎన్2 మేలా, సముద్రం వైపు దారి మేలా?

మా పిన్ని కొడుకు మొన్న విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, సెప్టెంబర్‌లో మీ మరదలికీ నాకూ కలిపి పది రోజులు సెలవు దొరికింది. బైక్ అద్దెకి తీసుకుని పోర్చుగల్ నింపాదిగా తిరుగుదామనుకుంటున్నాం. లోపలి రోడ్డు బాగుంటుందా, సముద్రం వైపు రోడ్డా?" అన్నాడు. నేను లిస్బన్‌లో ఉంటున్నాను కాబట్టి ఈ ప్రశ్న చాలామందే అడుగుతారు. రెండు దారులూ బండి మీద తిరిగాను, రెండూ నాకు ఇష్టమే. కానీ రెండూ ఒకే రకం మనిషికి, ఒకే రకం సెలవుకి సరిపోవు. అందుకే వాడికి చెప్పిందంతా కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

లోపలి దారి అంటే ఎన్2 అనే జాతీయ రహదారి. ఉత్తరాన స్పెయిన్ సరిహద్దుకి దగ్గరున్న షావెష్‌లో మొదలై, దేశం నడిబొడ్డు మీదుగా దక్షిణాన ఫారో దాకా 739 కి.మీ. పోతుంది. 1945 నాటి రోడ్ల ప్రణాళికలో దీనికి ఈ నంబరు వచ్చింది. హైవేలు వచ్చాక జనం దీన్ని మర్చిపోయారు. ఈ మధ్య దారి పొడవునా ఉన్న మునిసిపాలిటీలన్నీ కలిసి దీనికి మళ్ళీ ప్రాణం పోశాయి. చిన్న పాస్‌పోర్టు లాంటి పుస్తకం కొనుక్కుంటే ఊరూరా టూరిస్ట్ ఆఫీసులోనో, కాఫీ కొట్టులోనో, ఫైర్ స్టేషన్‌లోనో స్టాంపు వేస్తారు.

సముద్రం వైపు దారి అంటే లిస్బన్ నుంచి అర్రాబిడ కొండల మీదుగా సెతూబల్, అక్కడ ఫెర్రీ ఎక్కి ట్రోయా, తర్వాత కొంపోర్ట, సీనెష్, మిల్‌ఫోంతెష్, అల్జెజూర్, చివరికి సాగ్రెష్. ఐరోపా నేల నైరుతి మూల అక్కడితో అయిపోతుంది. అంతా కలిపి దాదాపు 300 కి.మీ.

సముద్రం వైపు రోడ్డు అనగానే మనవాళ్ళు విశాఖ–భీమిలి రోడ్డులా పక్కనే అలలు ఊహించుకుంటారు. ఇక్కడ అలా ఉండదు. దక్షిణాన ఉన్న అలెంతేజు ప్రాంతపు నైరుతి తీరమంతా సంరక్షిత ప్రకృతి పార్కు. కొండచరియల అంచున రోడ్డు వేయలేదు. అసలు రోడ్డు ఎన్120 చాలాచోట్ల సముద్రానికి కొన్ని కిలోమీటర్ల లోపలగా పోతుంది. సముద్రం చూడాలంటే ప్రతి ఊరి దగ్గరా పడమటికి తిరిగి, చిన్న రోడ్డులో చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి రావాలి. ఆ దారి దువ్వెనలా ఉంటుందనుకోండి. అసలు రోడ్డు దువ్వెన వెన్ను, సముద్రానికి పోయే చిన్న రోడ్లు దాని పళ్ళు. అందం అంతా పళ్ళ చివర ఉంటుంది, వెన్ను మీద మాత్రం యూకలిప్టస్ తోటలు, గడ్డి బయళ్ళు.

ఎన్2 దీనికి తిరగబడిన కథ. అక్కడ చూడాల్సింది రోడ్డే. బండి ఆపకపోయినా చూస్తూనే ఉంటాం. నాకు ఈ రెండింటికీ అసలు తేడా ఇదే అనిపిస్తుంది. ఒకటి దిగి చూసే దారి, ఇంకొకటి నడుపుతూ చూసే దారి.

ఎన్2 ఉత్తర భాగం గురించి ఎంత చెప్పినా తక్కువే. షావెష్‌లో రోమన్ల కాలంనాటి వంతెన మీద ఇప్పటికీ జనం నడుస్తారు. ఊళ్ళోని వేడినీటి ఊట 73 డిగ్రీల దగ్గర పొగలు కక్కుతూ వస్తుంది. అక్కడి నుంచి విడాగు, పెద్రష్ సల్గాదష్ అనే ఊటల ఊళ్ళు దాటి, విల రెయాల్ తర్వాత రోడ్డు ఒక్కసారిగా దోరు నది లోయలోకి దిగుతుంది. రెండు పక్కలా పలకరాతి కొండలు, వాటిని మెట్లు మెట్లుగా చెక్కి వేసిన ద్రాక్షతోటలు. పోర్ట్ వైన్‌కి పుట్టిల్లు ఇదే. 1756లోనే ఈ ప్రాంతానికి హద్దులు గీశారు. సెప్టెంబర్‌లో వెళ్తే కోతలు సాగుతుంటాయి. మలుపు తిరగ్గానే ద్రాక్ష నింపిన ట్రాక్టర్ ఎదురొస్తుంది, పులిసిన వాసన హెల్మెట్‌లోకి వచ్చేస్తుంది. రేగ్వాలో ఒక పూట ఎన్2ని వదిలేసి, నది ఒడ్డునే పిన్యావ్ దాకా పోయే ఎన్222 మీద 27 కి.మీ. వెళ్ళి రండి. 2015లో ఒక కార్ల అద్దె సంస్థ దీన్ని ప్రపంచంలోనే మేటి డ్రైవింగ్ రోడ్డని ప్రకటించింది. ఆ బిరుదు సంగతి ఎలా ఉన్నా, సాయంత్రం ఐదు తర్వాత ఆ నీళ్ళ మీద పడే ఎండ కోసం నేను మళ్ళీ మళ్ళీ వెళ్తాను. తర్వాత లమేగులో 686 మెట్ల గుడి వస్తుంది. మెట్లెక్కే ఓపిక లేకపోతే పైదాకా రోడ్డుంది.

మధ్యలో కొంత నిరాశ కూడా ఉంది. విజెవ్ దాటాక కొంతదూరం పాత ఎన్2 ఐపీ3 అనే పెద్ద రోడ్డులో కలిసిపోతుంది. లారీలు రివ్వుమంటూ పోతుంటాయి, చిన్న బండి మీద టెన్షన్‌గా ఉంటుంది. అది దాటితే గోయిష్ కొండలు, ఆ తర్వాత పెద్రోగావ్ గ్రాంద్. 2017 జూన్‌లో ఇక్కడి అడవి మంటల్లో 66 మంది చనిపోయారు. చాలామంది కార్లలో పారిపోతూ రోడ్డు మీదే మంటలకి చిక్కారు. ఆ వైపు వెళ్ళినప్పుడల్లా నేను వేగం తగ్గిస్తాను. జూలై, ఆగస్టుల్లో ఈ లోపలి దారి వద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. మంటల ప్రమాదం ఒకటి, అలెంతేజులో 40 డిగ్రీలు దాటే ఎండ ఒకటి. జాకెట్ వేసుకుని ఆ ఎండలో నడపడం హాయి కాదు, శిక్ష.

అలెంతేజు ఎండ లేనప్పుడు వేరే లోకం. పోంత్ ద సోర్ దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా సాగుతుంది. రెండు పక్కలా కార్క్ ఓక్ చెట్లు. సీసాకి పెట్టే బిరడా ఈ చెట్టు బెరడే. మొదటిసారి అక్కడ బండి ఆపి చూసినప్పుడు మొద్దుల మీద తెల్ల రంగుతో 4, 7, 1 అని అంకెలు కనిపించాయి. ఏదో సర్వే నంబర్లనుకున్నాను. కాఫీ కొట్టు పెద్దాయన చెప్పాడు, అది బెరడు వొలిచిన సంవత్సరం చివరి అంకె అని. 4 అంటే 2024. వొలిచిన చెట్టుని మళ్ళీ తొమ్మిదేళ్ళ దాకా ముట్టుకోరు. కొత్తగా వొలిచిన మొద్దు ఇటుక రంగులో ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడుతుంది. ఆ తర్వాత ఎన్2 మీద నడుపుతూ అంకెలు చదువుకోవడం నాకో అలవాటైంది. చిట్టచివర అల్మోదోవర్ నుంచి సావ్ బ్రాష్ దాకా కల్దేయిరావ్ కొండల్లో వందల మలుపులు. అక్కడ తొందరపడేవాడికి ఆ రోడ్డు దక్కదు.

ఇక సముద్రం వైపుకి వద్దాం. ఇక్కడ మొదటి గంటే బ్రహ్మాండం. లిస్బన్ నుంచి "25 ఏప్రిల్" అనే పేరున్న వంతెన దాటుతాం, దక్షిణానికి పోయేటప్పుడు టోల్ లేదు. అర్రాబిడ కొండ మీద ఒక పక్క సున్నపురాయి, ఇంకో పక్క కింద నీలం ఆకుపచ్చ కలిసిన నీళ్ళు. సెతూబల్ ఫెర్రీలో బండి కింద పెట్టి పైకెక్కితే సాదు నది ముఖద్వారంలో డాల్ఫిన్లు కనిపించే అవకాశం ఉంది. అవతలి ఒడ్డున కొంపోర్ట. అక్కడ మన కళ్ళకి బాగా తెలిసిన దృశ్యం, వరి చేలు. సెప్టెంబర్‌లో పండి పచ్చబంగారంలా ఉంటాయి. కరెంటు స్తంభాల మీద కొంగల గూళ్ళు.

సీనెష్ వాస్కో డ గామా పుట్టిన ఊరు. 1498లో ఆయన కాలికట్ చేరాకే పోర్చుగీసు ఓడలు మనవైపు బాట పట్టాయి. వాటితోపాటే మిరపకాయ వచ్చింది. ఆ ఓడలు తెచ్చిన మాటలు కూడా మన ఇళ్ళల్లో ఉండిపోయాయి. బొత్తాం, ఇస్త్రీ, మేస్త్రీ, అనాస అన్నీ ఇక్కడివే. ఇక్కడి హోటల్లో మెనూ కార్డు మీద "అననాష్" చూసి మా ఆవిడ "ఏమండీ, మన అనాసే!" అని సంబరపడింది.

సర్దావ్ కేప్ దగ్గర తెల్ల కొంగలు సముద్రంలో నిలబడ్డ రాళ్ళ మీద గూళ్ళు కడతాయి. కింద అలలు బద్దలవుతుంటే పైన పిల్లలకి మేత పెడుతుంటాయి. అది చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లో రావాలి. అల్జెజూర్‌లో చిలగడదుంపకి ఊరంత పేరుంది. సాగ్రెష్ చేరాక, సావ్ విసెంత్ దీపస్తంభం దగ్గర సూర్యాస్తమయానికి జనం పోగవుతారు.

ఈ దారిలో ఒక్క విషయం జాగ్రత్త. వేసవిలో మధ్యాహ్నం తర్వాత ఉత్తరపు గాలి లేస్తుంది. ఇక్కడ దాన్ని నోర్తాద అంటారు. బండిని పక్కకి తోసేసేంత బలంగా ఉంటుంది. లిస్బన్ నుంచి సాగ్రెష్‌కి వెళ్తుంటే అది వీపు వెనక ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. కాబట్టి నడపడమంతా పొద్దున్నే ముగించి, మధ్యాహ్నం ఒకచోట కూర్చోవాలి.

బండి ఎంపిక కూడా దారిని బట్టే. సముద్రం వైపు ఇద్దరికీ మంచి 125 సీసీ స్కూటర్ నెమ్మదిగా సరిపోతుంది. ఎన్2 మీద ఇద్దరు, సామాను, కొండలు అంటే 500 సీసీ దగ్గర చూసుకోండి. పెద్ద అడ్వెంచర్ బైకులు ఫొటోల్లో బాగుంటాయి గానీ, పల్లెల్లో రాళ్ళు పరిచిన ఇరుకు వీధుల్లో, వాన పడితే, ఆ బరువు మోయలేం. ఇక్కడ కుడివైపు నడపాలి. కాఫీ తాగి బయల్దేరే మొదటి నిమిషంలోనే ఎక్కువగా తప్పు జరుగుతుంది. బంకులో "గజోలీన" అంటే పెట్రోల్, "గజోలియు" అంటే డీజిల్. తెల్లవారుజామున నిద్రమత్తులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. మన ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అసలు లైసెన్సు రెండూ జేబులో ఉండాలి. హోటల్లో అడక్కుండానే బ్రెడ్డు, ఆలివ్ కాయలు తెచ్చి పెడతారు. తింటే బిల్లులో పడతాయి, వద్దంటే తీసుకెళ్ళిపోతారు.

నన్నడిగితే నా ఓటు ఎన్2కే. కానీ రెండు షరతులు. ఒకటి, కనీసం ఏడు రోజులు ఉండాలి. రెండు, స్టాంపుల పిచ్చి ఉండకూడదు. పుస్తకం నింపాలన్న పట్టుదలతో మూడు రోజుల్లో పూర్తి చేసినవాళ్ళని చూశాను. వాళ్ళకి రోడ్డు నంబరు తప్ప ఊళ్ళ పేర్లు గుర్తులేవు. నాలుగైదు రోజులే ఉంటే రెండో ఆలోచన లేకుండా సముద్రం వైపు వెళ్ళండి. పది రోజుల్లో రెండూ కలిపేద్దామనుకుంటే మాత్రం ఒక్క విశ్రాంతి రోజూ మిగలదు. తీరికే మొదట పోతుంది.

ఇదంతా తమ్ముడికి చెప్తుంటే మరదలు ఫోన్ తీసుకుంది. "బావగారూ, వెనక కూర్చునేది నేను. ఏ దారిలో సామాను ఒకే గదిలో పెట్టుకుని తిరగొచ్చు?" అంది. అన్నాళ్ళూ నాకు తట్టని ప్రశ్న అది. ఎన్2 మీద ప్రతి రాత్రీ కొత్త గది, ప్రతి పొద్దునా మూట కట్టడం. పైగా మలుపుల్లో ఆనందమంతా హ్యాండిల్ పట్టుకున్నవాడిదే. వెనకాల ఉన్నవాళ్ళకి నడుం నొప్పి మిగులుతుంది. సముద్రం వైపైతే మిల్‌ఫోంతెష్‌లో నాలుగు రాత్రులు ఉండి, రోజుకో దువ్వెన పన్ను చూసి రావచ్చు.

అలా వాళ్ళకి సముద్రం దారే ఖాయమైంది. దోరు లోయ వదలడం తమ్ముడికి మనసొప్పలేదు. అందుకని మొదటి రెండు రోజులు ఉత్తరాన ఉన్న పోర్తు నగరం నుంచి పిన్యావ్‌కి రైల్లో పంపిస్తున్నాను. ఆ లైను చాలాదూరం నది ఒడ్డు వెంటే పోతుంది, ఇద్దరూ కిటికీ దగ్గరే కూర్చోవచ్చు. మిల్‌ఫోంతెష్‌లో మీరా నది కనపడే గది చూసి పెట్టాను. సెతూబల్ ఫెర్రీ దాకా నా బండి మీద తోడు వెళ్తాను, కుడివైపు నడపడం వాడికి అలవాటు పడేదాకా.