బుర్రకథ దళానికి సినిమా మేలా, టీవీ మేలా?

"అన్నా, సినిమావాళ్లు పిలిచారు. అదే వారం దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో రికార్డింగ్ ఉంది. ఎటు పోమంటావు?" సంక్రాంతి దగ్గరపడితే చాలు, గుంటూరు చుట్టుపక్కల దళాల కుర్రాళ్ల నుంచి ఈ ఫోన్లు మొదలవుతాయి. నేను రెండూ చేశాను. పాతికేళ్లు కథకుడి పక్కన నవ్వించే హాస్య వంతగా గుమ్మెట డోలు వాయించినవాణ్ణి కాబట్టి నా లెక్క వంత పక్క నుంచే ఉంటుంది, ముందే చెబుతున్నా.

డబ్బులో సినిమాదే పైచేయి, అందులో వాదన లేదు. పేరులోనూ అంతే. కిన్నెర మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం పట్టుకుని ఎన్నేళ్లు తిరిగినా, 2021లో భీమ్లా నాయక్ పాట మొదట్లో ఆయన గొంతు వినబడ్డాకే మన బెజవాడ ఆటోల్లో ఆ పేరు నలిగింది. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. అది కిన్నెరకు వచ్చింది గానీ సినిమాకు కాదు, ఆ మాట వేరే. 2023లో బలగం సినిమా చివర్లో కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడారు (ఈ మొగిలయ్య వేరు). అక్కడ సినిమా కథే వాళ్ల పాట కోసం ఆగింది. అలా ఆగే సినిమా ఎన్నేళ్లకొకటి వస్తుంది?

మన పొన్నెకల్లు నాజర్ గారు 1953లోనే పుట్టిల్లు సినిమాలో బుర్రకథ చెప్పారు. తీసింది గరికపాటి రాజారావు గారు, ప్రజానాట్యమండలి అనే వామపక్ష కళాకారుల సంఘం మనిషి. బుర్రకథ అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఇప్పుడు మనల్ని పిలిచేవాళ్లందరూ అలాంటివాళ్లు కారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యం ఒకటే: వంతకు నోరుంటుందా లేదా? కథకుడు ఒక మాట అంటాడు, రాజకీయ వంత దాన్ని ఈ కాలానికి ముడిపెడతాడు, నేను ఎదురు ప్రశ్న వేసి నవ్విస్తాను. ఆ ప్రశ్న అప్పటికప్పుడు పుట్టాలి. సినిమాలో పాట ముందే రికార్డయి ఉంటుంది. స్పీకర్లో అది మోగుతుంటే మనం పెదవులు కదపాలి. నేను వెళ్లిన సినిమాలో రికార్డింగ్ రోజున కథకుడు తాళం కోసం వేళ్లకు తొడుక్కునే అందెలు తీయించారు, చప్పుడు ఎక్కువవుతోందని. "తర్వాత కంప్యూటర్లో వేసుకుంటాం లెండి" అన్నారు. షూటింగ్ రోజున మాత్రం అవే అందెలు పెట్టుకోమన్నారు, అందంగా ఉంటాయని! తలపాగాలు కట్టుకుని రెండు రోజులు కూర్చున్నాం. తీరా తెర మీద మేం గంతులు వేస్తుంటే హీరో జాతరలో నడిచి వచ్చాడు, మా గొంతు మీద ఫైటు మ్యూజిక్ ఎక్కింది.

సప్తగిరి వాళ్లు మాత్రం విజయవాడ స్టూడియోలో అరగంట ఇచ్చారు. మైకులు మా ముందే, మా తందాన మాదే. చివర్లో ఫ్లోర్ మేనేజర్ కెమెరా పక్కన నిలబడి రెండు వేళ్లు చూపించాడు, ఇంకా రెండు నిమిషాలే అని. "ఆయనెవరో రెండు వేళ్లు చూపిస్తున్నాడు, యుద్ధానికి ఇద్దరే మిగిలారా ఏంటి?" అన్నాను. కథకుడు నవ్వు ఆపుకోలేక తంబూర సర్దుకున్నాడు. అది అలాగే ప్రసారమైంది. ఆ ఏడాది కొత్తగా పిలిచిన రెండు ఊళ్లవాళ్లు "ఆ రెండు వేళ్లాయన రావాలి" అని అడిగారు. సినిమా చూసి పిలిచినవాళ్లు ఒక్కరూ లేరు.

ప్రైవేటు ఛానళ్ల పండగ ప్రోగ్రాములంటారా, యాంకర్ల మధ్య మూడు నిమిషాలు, చీర బాగుందంటే చాలు. రేడియో గొంతుకు మంచిదే గానీ అడుగులు కనబడవు. యూట్యూబ్ ఎలాగూ ఎవరో ఒకరు పెడతారు.

మొన్న ఫోన్ చేసిన కుర్రాణ్ణి సప్తగిరికే పొమ్మన్నా. సినిమా మేనేజర్ని తేదీ మార్చమని అడగమన్నా, అందెల సంగతి కూడా అప్పుడే అడగమన్నా. తేదీ మార్చారట. అందెల గురించి "చూద్దాం" అన్నారట.