నెల్లూరు, ఒంగోలు వైపు "బంగారు లైకా" బేరం ఆడేవాళ్ళు ఇది చదివి డబ్బులియ్యండి

పాత ఫిల్మ్ కెమెరాల పిచ్చి ఉన్న మనోళ్ళందరికీ చెప్తుండా. కావలిలో ఉండే మా బావమరిది ఆన్‌లైన్లో ఒకడి దగ్గర లైకా (జర్మనీ కంపెనీ కెమెరా) కొన్నాడు, బంగారం రంగు బాడీ, పైన గద్ద బొమ్మ, బెర్లిన్ 1936 ఒలింపిక్స్ అని చెక్కుడు, పైగా వాళ్ళ తాత మిలిటరీలో ఉన్నప్పుడు తెచ్చినాడని ఒక కథ. నలభై రెండు వేలు! నెల్లూరు ట్రంకు రోడ్డులో టీ కొట్టు దగ్గర డబ్బు లెక్కపెట్టుకొని కెమెరా చేతిలో పెట్టి పోయినాడు, బిల్లు లేదు గిల్లు లేదు.

నాకు చూపించగానే డౌటొచ్చింది. ఒలింపిక్స్ కోసమని బంగారు లైకాలు ఆ కంపెనీ చెయ్యనేలేదు. లైకా లక్సస్ అని బంగారు పూతది ఒకటి ఉన్నమాట నిజమే, 1930 ప్రాంతంలో, అవి మొత్తం వంద కూడా లేవు, పైగా అది లైకా 1, ఫ్యాక్టరీలోంచి వచ్చేటప్పుడు దాంట్లో రేంజ్‌ఫైండరే, అంటే దూరం చూసి ఫోకస్ కుదిర్చే ఏర్పాటే, ఉండదు. మావాడిదానికి ముందర మూడు కిటికీలు ఉండాయి, అంటే రేంజ్‌ఫైండర్ ఉన్నట్టే. లెన్స్ తిప్పేకొద్దీ రెండుగా కనపడే బొమ్మ ఒకటయ్యి ఫోకస్ కుదిరే ఆ ఏర్పాటు 1932లో లైకా 2తో వచ్చింది. లైకాని తయారుచేసిన బార్నాక్ డిజైన్ అంత బాగుండబట్టే సోవియట్ వాళ్ళు దాన్ని అచ్చు దించేశారు, 1934 నుంచి ఖార్కివ్‌లో ఫెడ్, 1948 నుంచి మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్‌లో జోర్కి. అవేం చెత్త కెమెరాలు కావు, ఫొటోలు బాగానే వస్తాయి, జోర్కి అని చెప్పి జోర్కి రేటుకి అమ్మితే ఎవడికీ గొడవ లేదు. పేరు గీకేసి పూత పూసి లైకా అని చెక్కితేనే కడుపు మండేది.

ఎట్టా పట్టుకోవాలంటే, లెన్స్ మరతిప్పి ఊడదీసి లోపల పైభాగంలో టార్చ్ కొట్టి చూడండి. లెన్స్ వెనక అంచుకి ఆనుకునే చిన్న లోహపు చెయ్యి ఒకటి ఉంటది. అసలు లైకాలో దాని చివర గుండ్రటి బుల్లి చక్రం ఉంటది, వేలితో అంటే తిరుగుద్ది. ఫెడ్, జోర్కీల్లో చక్రం ఉండదు, మూలలు అరగదీసినట్టుండే గట్టి ముక్క, అంతే. మావాడిదాంట్లో ముక్కే ఉంది! పై ప్లేటుని వెలుతురుకి ఏటవాలుగా పెడితే లైకా అక్షరాల చుట్టూ గీకిన పల్లం కూడా కనపడింది. సీరియల్ నంబర్ లైకా లిస్టులో ఉందిగా అంటాడు మావాడు, నంబర్ చెక్కడం ఎంతసేపు.

ఇంకోటి, టెస్ట్ చేసేటప్పుడు ముందు ఫిల్మ్ తిప్పే నాబ్‌తో వైండ్ చేసి ఆ తర్వాతే షట్టర్ స్పీడ్ మార్చండి, లేకపోతే లోపల పాడయ్యిద్ది, అప్పుడు నువ్వే చెడగొట్టినావని నెత్తినెక్కుతాడు.

ఆ అమ్మినోడికి ఫోన్ చేస్తే "నేను కూడా అట్నే కొన్నా అన్నా" అన్నాడు, తర్వాత బ్లాక్. ఇప్పుడు ఇంకో పేరుతో, ఒంగోలు అడ్రస్ పెట్టి, నలుపురంగు "నేవీ లైకా" అమ్ముతుండాడు, వెనకాల టేబుల్ మీద అదే పూలదుప్పటి. అన్ని ఫొటోల్లో లెన్స్ ఊడదీసింది ఒక్కటీ లేదు. అది అడగండి, పంపకపోతే అడ్వాన్స్ కూడా వెయ్యబాకండి.